ఆపినచోటి గుర్తు

పురాణపఠన మలవాటు గల ప్రతి యింటను గ్రంథముతోపాటు ఒక పట్టుపోగో, నెమలికన్నో, మడిచిన కాగితపుముక్కయో యుండుట మీరెఱిగినదే. చదువుట యెంత ముఖ్యమో, ఆపినచోట గుర్తు పెట్టుటయు నంత ముఖ్యము. గుర్తు లేనిచో మఱునాడు రెండే గతులు: చదివినదే మఱల చదువుట, లేదా చదువవలసినదానిని దాటిపోవుట. మొదటిదానివలన కాలము పోవును. రెండవదానివలన కథయే పోవును. ఇంత చిన్న సంగతి నేటి కంప్యూటరు ఉద్యోగములలో నెంత పెద్ద సంగతి యైనదో తెలిసికొను నవకాశము మాకు మా యింటనే లభించినది. మా తోడి గృహిణులకు గూడ నది యుపకరించునని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

మేము హైదరాబాదులోని మధురానగరమున నివసించుచున్నాము. మాకొక వైపున అమీరుపేట, వేఱొక వైపున యూసఫ్‌గూడ. దానికావల కృష్ణానగరము, జూబిలీహిల్సు, ఫిలింనగరు. 2019 వ సంవత్సరము మార్చి 20 వ తేదీనుండి అమీరుపేట మొదలు హైటెక్ సిటీవఱకు మెట్రోరైలు నడచుచున్నది. స్త్రీల సౌకర్యమును ముఖ్యముగా నెంచి తీర్చినదగుటచే మా మధురానగరపు స్టేషనునకు తరుణి యను పేరును జేర్చిరి. ఉదయమున మా వీధులనుండి రెండు తెగలవారు బయలుదేరుదురు. ఒక తెగ చలనచిత్రములకు బనిచేయువారు. రెండవ తెగ కంప్యూటరులకు బనిచేయువారు. చూచుటకు వీరి పనులకు బొత్తు లేనట్లుండును. కాని యొక్క విషయమున నుభయులును సమానులే.

చలనచిత్రమున నొక దృశ్యమును నేడు కొంత, నెల గడచిన పిదప కొంత చిత్రించుట కలదు. నాయిక చేతి గాజులెన్ని, పాలలోటా యే చేత నున్నది, పమిట యే వైపునకు జాఱినది యని సహాయదర్శకుడు చిత్రీకరణ మాపిన క్షణముననే వ్రాసికొనును. దీనిని వారు కంటిన్యుటీ యందురు. ఆ వ్రాత తనకు మాత్రమే బోధపడునట్లున్న జాలదు. తాను రాని దినమున మఱియొకరు చదివి, అక్కడనుండియే పని సాగింపగలుగవలెను. తనకొఱకు బెట్టుకొను గుర్తు వేఱు, తన తరువాతివారికొఱకు బెట్టు గుర్తు వేఱు. మా కథకంతయు మూలమీ భేదమే.

మా కోడలు రెండవ తెగకు జెందినది. 2020 లో ప్రసవమునకై కొలువు మాని, మూడేండ్లు బిడ్డను బెంచి, 2023 లో మఱల నుద్యోగమున జేరినది. చేరుటకు ముందు అమీరుపేట మైత్రీవనము చుట్టుప్రక్కల గల శిక్షణాలయములలో నొకదానికి రెండు నెలలు పోయి వచ్చినది. ఒకనాటి సాయంకాలము దిగులుగా గూర్చుండి, “అత్తయ్యగారూ, నేను నేర్చినదంతయు బాతబడినది. మూడేండ్ల పుటలు నేను చదువలేదు. ఎక్కడనుండి యెత్తుకొనవలెనో తెలియుట లేదు” అనెను. మేము ధైర్యము చెప్పితిమి. కాని ఆ దిగులునకు సరియైన సమాధానము తరువాత నామె పనియే చెప్పినది.

నీ పనియేమి తల్లీ యని యడుగగా, “మామయ్యగారి చిట్టా, ఆవర్జా చూచితిరి గదా, మాదియు నదియే” అనెను. మా వారు చిరకాలము వర్తకము చేసినవారగుటచే మాకు వెంటనే బోధపడినది. చిట్టా యనగా జరిగిన ప్రతి బేరమును జరిగిన వరుసలోనే వ్రాయు పుస్తకము. దానిలో నడుమ జొప్పించుట లేదు. ఆవర్జా యనగా ఆ చిట్టానుండి యెవరి పద్దును వారి పుటలోని కెక్కించి మొత్తములు తేల్చు పుస్తకము.

నేటి కంప్యూటరుల చిట్టాలలో బ్రసిద్ధమైనది కాఫ్కా. అమెరికాలోని లింక్డిన్ సంస్థలో జే క్రెప్స్, నేహా నర్ఖేడే, జున్ రావ్ అను మువ్వురు దీనిని నిర్మించిరి. 2011 లో నది యందఱును వాడుకొనుటకు వెలువడినది. ఆ మువ్వురిలో నేహా నర్ఖేడే మన పూనా నగరమున బెరిగిన వనిత యని చెప్పుటకు మాకు సంతోషముగా నున్నది. జర్మను భాషలో కథలు వ్రాసిన ఫ్రాంజ్ కాఫ్కా పేరును క్రెప్స్ దీనికి బెట్టెను. వ్రాయుటకై యేర్పడిన సాధనమునకు రచయిత పేరు తగునని యాయన తలంపు.

ఈ చిట్టాను విభాగములుగా బంచుదురు. ప్రతి విభాగమునందును సందేశములకు సున్న మొదలుకొని వరుస సంఖ్యలుండును. ఆ సంఖ్యకే ఆఫ్‌సెట్టు అని పేరు. చదివినంత మాత్రమున సందేశము చెఱిగిపోదు. వేఱుగా నియమము పెట్టనిచో నేడు దినములు నిలిచి పిదప తొలగును. ఒకే చిట్టాను పదిమంది తమతమ వేగముతో జదువవచ్చును. కావున నెవరెంతవఱకు జదివిరో చిట్టాకు బట్టదు. గుర్తు చదువరులే పెట్టుకొనవలెను. ఈ గుర్తులో నొక సూక్ష్మము కలదు. నూఱవ సందేశమువఱకు ముగించినవారు నూఱని గాక నూటయొకటి యని గుర్తు పెట్టుదురు. అనగా నది చదివినదానికి గుర్తు కాదు, ఇక జదువవలసినదానికి గుర్తు. దీనిని మఱచినచో ప్రతి మార్పునందును ఒక పద్దు రెండుమాఱులు పడును, లేదా యొకటి తప్పిపోవును.

ఆవర్జా వ్రాయు సాధనములలో ఫ్లింక్ అనునది యొకటి. బెర్లినులోని విద్యాపరిశోధననుండి పుట్టినది. ఆ మాటకు జర్మను భాషలో జురుకైనది యని యర్థము. కాఫ్కా చిట్టానుండి చదివి ఫ్లింక్ ఆవర్జాకు బద్దులందించు గుమాస్తాను కనెక్టరు అందురు. చిరకాలము ఫ్లింక్‌కాఫ్కాకన్స్యూమర్ అను గుమాస్తా యీ పని చేయుచుండెను. 2021 లో వెలువడిన ఫ్లింక్ 1.14 వ కూర్పుతో నా పాత గుమాస్తాను విడిచి కాఫ్కాసోర్స్ అను క్రొత్తవానిని బెట్టుకొనుడని నిర్మాతలు ప్రకటించిరి.

చిక్కిచ్చటనే పుట్టినది. ఫ్లింక్ అప్పుడప్పుడు పని నడుమనే, ఆవర్జాలోని మొత్తములను, చిట్టాలోని గుర్తులను ఒకే క్షణమున భద్రపఱచును. మనుష్యుడు కోరి చేయించు నట్టి భద్రప్రతిని సేవ్‌పాయింటు అందురు. ఆ ప్రతిలో పాత గుమాస్తా తన గుర్తులను తన లిపిలో, తన సంచిలో వ్రాసికొనెను. క్రొత్త గుమాస్తాకు ఆ లిపి రాదు.

దీనిని మేము భాగవతముతో బోల్చి చూచుకొంటిమి. ఒక ముద్రణములో మూడువందల పండ్రెండవ పుటకడ నాపి, ఆ పుటసంఖ్యను మాత్రమే వ్రాసికొంటిమనుకొనుడు. ఆ పుస్తకము శిథిలమై వేఱొక ముద్రణము కొన్నచో, దానిలో మూడువందల పండ్రెండవ పుటయందు గజేంద్రుని మొఱకు బదులు వామనుని కథయుండవచ్చును. అట్లుగాక అష్టమస్కంధమున నిన్నవ పద్యమని వ్రాసికొన్నచో, ఏ ముద్రణమైనను దారి చూపును. పుటసంఖ్య పుస్తకమునకు జెందినది. పద్యసంఖ్య కావ్యమునకు జెందినది. సేవ్‌పాయింటులోని పాత గుర్తు పుటసంఖ్య వంటిది. కాఫ్కాలోని విభాగము, ఆఫ్‌సెట్టు అనునవి స్కంధము, పద్యము వంటివి.

మా కోడలు చేరిన సంస్థ పేరిచ్చట నక్కఱలేదు. దాని పనులలో మందుల దుకాణములకు వచ్చు కోరికలను లెక్కించి, ఇండ్లకు సందేశములు పంపుట యొకటి. అది పాత గుమాస్తాతోనే నడచుచుండెను. క్రొత్తగా జేరినవారికి క్రొత్త గుమాస్తాయే తెలియును. పాతవానిని నియమించినవారు వేఱు కొలువులకు బోయిరి. ముట్టుకొన్న నేమగునో యని యెవరును దానిని గదపలేదు. పాతవాని పద్ధతి బాగుగా దెలిసినది మా కోడలొక్కతెయే. మూడేండ్ల క్రిందట నాపిన చదువే యామెకిచ్చట బనికివచ్చినది!

సులభమార్గ మొకటి కలదని తోడివారు చెప్పిరట: పాతవానిని అర్ధరాత్రి యాపి, క్రొత్తవానిని చిట్టా చివరనుండి మొదలుపెట్టుమనిన నైదు నిమిషముల పని, ఆ వేళ వచ్చు సందేశములు బహు స్వల్పము. మా కోడలొప్పలేదు. “అర్ధరాత్రి మందు గోరువారు కొలదిమందియే, కాని వారికి మందుతో నప్పుడే పని యుండును” అనెను. పోనీ, ఏడు దినముల చిట్టాను మొదటినుండి మఱల జదువుమన్నచో? పంపిన సందేశములన్నియు మఱల బోవును. ఒక దుకాణమునుండి మా యింటికే యొక మాఱు ఒకే మందుల పొట్లము రెండుసారులు వచ్చినది. ఇంట నక్షరజ్ఞానము గలవారుండుటచే రెండవదానిని త్రిప్పి పంపితిమి. ఒంటిగా నుండు వృద్ధురాలు రెండును తనకే వ్రాసిరని తలచి మ్రింగినచో నెవరు బాధ్యులు?

ఇక్కడ నొక వివేకమున్నది. చదివినదే చదివినను సరే, తప్పిపోరాదనునది యొక నియమము. తప్పిపోయినను సరే, రెండుమాఱులు రాదనునది రెండవది. ప్రతియొకటియు నొక్కమాఱే లెక్కకు రావలెననునది మూడవది. పారాయణమునకు మొదటి నియమము చాలును; పద్యమును రెండుసారులు చదివిన బుణ్యమే గాని పాపము లేదు. మందునకును, డబ్బునకును మూడవది యత్యవసరము. ఆవర్జా మొత్తమును, చిట్టా గుర్తును ఒకే క్షణమునకు జెందియున్నగాని యీ మూడవ నియమము నిలువదు. గుర్తు వ్రాసికొన్న పిదప పాత గుమాస్తా మఱి పది పద్దు లెక్కించినచో, క్రొత్తవాడు వచ్చి యా పదింటిని మఱల నెక్కించును.

అందుచే నామె చేసిన యేర్పాటిది. మొదట, పాత గుమాస్తా తన సంచిలో వ్రాసికొను ప్రతి గుర్తును కాఫ్కాలోని బహిరంగపు పుస్తకములో గూడ వ్రాయునట్లు చేసెను. నిర్మాతలు 1.14 వ కూర్పు సూచనలలో జెప్పిన మార్గమే యిది. తరువాత సేవ్‌పాయింటుతో సహా పాతవాని నాపించెను. అప్పుడు చివరి మొత్తములును, చివరి గుర్తులును ఒకే క్షణమునకు జెందినవైనవి. మూడవది, బహిరంగపు పుస్తకమును దెఱచి, పండ్రెండు విభాగముల గుర్తులను కాగితముమీద వ్రాసికొనెను. నాలుగవది, క్రొత్త గుమాస్తాకు ఫ్లింక్‌లో క్రొత్త గుర్తింపు పేరిచ్చెను. లేనిచో పాతవాని సంచిని దెచ్చి వానికంటగట్టుదురట. ఆ సంచి చదువబడకపోయినను ఫరవాలేదని యనుమతియు నిచ్చెను. ఆవర్జా మొత్తములు మాత్రము యథాతథముగా నిలిచినవి. చదువరుల సమూహనామము మాత్రము పాతదే యుంచెను. ఏలననగా బహిరంగపు గుర్తులన్నియు నా పేరిట నున్నవి.

ఐదవదే మాకు మిక్కిలి నచ్చినది. గుర్తు కనబడనిచో నేమి చేయవలెనని క్రొత్త గుమాస్తాకు ముందే చెప్పవలెను. మొదటినుండి చదువుమనవచ్చును, చివరనుండి చదువుమనవచ్చును, లేదా పని మాని కేకవేయుమనవచ్చును. ఫ్లింక్ ప్రమేయము లేని కాఫ్కా చదువరికి ఏమియు జెప్పనిచో చివరనుండి మొదలిడును. నడుమ నున్నది నిశ్శబ్దముగా బోవును. మా కోడలు మూడవదానినే యేర్పఱచెను. “ఊహించి నడచు గుమాస్తాకన్న, ఆగి యడుగు గుమాస్తా మేలు” అని యామె మాట. కొలది సందేశములతో ముందుగా జరిపిన పరీక్షలో సమూహనామమున నొక్క యక్షరము తేడాపడియుండెను. క్రొత్త గుమాస్తా గుర్తు లేదని మొఱపెట్టి నిలిచిపోయెను. మొఱపెట్టకుండినచో నా తేడా యెవరికిని దెలియకుండెడిది.

ఆలస్యము చేయుటకును వీలు లేదు. చదువరి లేకుండ విడిచిన బహిరంగపు గుర్తులను కాఫ్కా చిరకాలముంచదు. 2018 లో వచ్చిన 2.0 వ కూర్పునకు ముందు సాధారణముగా నొక్క దినమే. ఆ పిదప నేడు దినములు. నేడు ఆపి వచ్చే నెల జూతమన్నచో గుర్తుండదు, గుర్తు చూపిన సందేశములునుండవు.

పని జరిగిన రాత్రి మనుమని మేము నిద్రపుచ్చితిమి. ఆమె ముందఱి గదిలో గూర్చుండి, క్రొత్తవాడు ప్రతి విభాగమున జదివిన మొదటి సందేశపు సంఖ్యను కాగితములోని సంఖ్యతో సరిచూచుకొనెను. పండ్రెండును సరిపోయినవి. ఆవర్జా మొత్తములు ఆగినచోటినుండియే పెరుగసాగినవి. “అయినదత్తయ్యా!” అని యామె తలుపుకడ నిలిచి చెప్పిన స్వరములో నానాటి దిగులు లేదు.

ఇట్టి మార్పు కాఫ్కాకు గ్రొత్త కాదు. తొలిదినములలో చదువరుల గుర్తులు జూకీపర్ అను వేఱొక వ్యవస్థలో నుండెడివి. 2015 లో వెలువడిన 0.8.2 వ కూర్పు కాలమున వానిని కాఫ్కాలోనికి దెచ్చునపుడు, కొంతకాలము రెండు చోట్లను గుర్తు వ్రాయుడనియు, చదువరులందఱును మాఱిన పిదపనే పాతచోట మానుడనియు నేర్పాటు చేసిరి. ఇక చిట్టానే వేఱొక యూరికి నకలు చేసినచో, ఒకే సందేశము సంఖ్య రెండు చోట్ల భిన్నముగా నుండవచ్చును. 2019 లోని 2.4 వ కూర్పుతో వచ్చిన రెండవ మిఱ్ఱర్‌మేకరు ఇచ్చటి సంఖ్యకు అచ్చటి సంఖ్యను జూపు పట్టిక నుంచును. పాఠభేదములు గల ప్రతులలో పద్యసంఖ్యలు మాఱునట్లే యిదియు.

మన భాషలోనే దీనికి గొప్ప దృష్టాంతము గలదు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టారకుని భారతరచన అరణ్యపర్వము నడుమ నాగిపోయినది. పదుమూడవ శతాబ్దమున తిక్కనసోమయాజి విరాటపర్వముతో మొదలిడి కడవఱకు వ్రాసెను. నడుమ మిగిలిన భాగమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించి, రాజరాజనరేంద్రునకే యంకితమిచ్చెను. కవులు మాఱిరి, రాజ్యములు మాఱినవి. ఐనను ఎఱ్ఱనకు దానెక్కడ నెత్తుకొని యెక్కడ విడువవలెనో తెలియును. పర్వము, ఆశ్వాసము, కథ యను గుర్తులు ఏ యొక్క కవి సంచిలోను లేక, అందఱి యెదుట నుండుటయే దానికి గారణము.

సోదరీమణులారా! బిడ్డలకొఱకు, వృద్ధులకొఱకు, చదువును నుద్యోగమును నడుమ నాపుకొనువారు మనలో నెందఱో కలరు. మఱల బోవునపుడు, మేము నేర్చినది పాతబడెనని క్రుంగిపోదురు. పాతబడునది పుటసంఖ్య. చిట్టా యేల వ్రాయుదురో, గుర్తెక్కడ బెట్టుదురో, తప్పినచో నెవరికి నష్టమో తెలిసిన తెలివి పద్యసంఖ్య వంటిది. అది యే ముద్రణమునకైనను జెల్లును. ఆపునపుడే దానిని వ్రాసి పెట్టుకొనుడు: ఏ పని చేసితిమి, ఎంతవఱకు దెలిసినది, ఇక నేర్వవలసిన మొదటి సంగతి యేది యని. చదివినదానికి గాక, చదువవలసినదానికి గుర్తు పెట్టుడు.

గృహకృత్యములందు నింతే. పద్దుల పుస్తకము మాని ఫోనులోని లెక్కకు మాఱువారు ఒక నెల రెంటను వ్రాయుడు. రోగిని చూచుకొను బాధ్యత నొకరినుండి మఱియొకరు తీసికొనునపుడు, తరువాతి మోతాదు ఏ మందు, ఏ వేళ యని యందఱకును దెలియు భాషలో వ్రాసి, చూపి, అప్పగింపుడు. అనుమానము కలిగినచో నూహించి యీయక, ఆగి వైద్యు నడుగుడు.